మేనకోడలి పెళ్లికి సీసాల గూడు

లా త్రినిదాద్,
1988 ఫిబ్రవరి 4.

పసీతా అక్కకి, తమ్ముడు దెల్ఫిన్ రాసేది.

నీ ఉత్తరం అందింది. మా ఆవిడ లూమెన్ చదివి వినిపించింది. నా కళ్లజోడు మీద నేనే కూర్చున్నాను, అందుకని. మన మరివిక్‌కి మే నెలలో పెళ్లంటే ఆ పిల్ల అంత పెద్దదైందని నమ్మబుద్ధి కాలేదు. ఒక వేసవిలో నా బస్సు ఇంజను మూత మీద కూర్చుని, మలుపు మలుపుకీ వాంతి చేసుకుంటూ, "మామయ్యా, ఇంకొంచెం స్పీడుగా పోనీ" అన్న పిల్ల కదా. ఇప్పుడు బళ్లో భూగోళం పాఠాలు చెబుతోందంటే అదంతా ఆ మలుపుల చలవే.

బావ ఉంటే ఆయనే కూతుర్ని చర్చిలోకి నడిపించుకొచ్చేవాడు. ఆయన బదులు నన్ను నడవమన్నావు. ఆ మాట దగ్గర లూమెన్ చదవడం ఆపి నా వైపు చూసింది. నేను ముక్కు చీదుకుని జలుబని చెప్పాను. కొండ రోడ్డు మీద ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి, గుమ్మం నుంచి ప్రభువు బల్ల దాకా మేనకోడల్ని నడిపించలేనా? దారిలో మలుపు కూడా లేదు.

పెళ్లికి బహుమానం కొనను. నా చేత్తో చేసిందే ఇస్తాను. ఏమిటన్నది పెళ్లిదాకా రహస్యం. నీకు చెప్పానంటే నీ దుకాణానికి సూప్ తాగడానికి వచ్చేవాళ్లందరికీ గిన్నెతో పాటు అదీ వడ్డిస్తావు. దీనికోసమే పెరట్లో పంది కొట్టం సగం ఖాళీ చేశాను. మిగతా సగంలో మా ఆడపంది సెన్యోరా ఉంటుంది. దాన్ని అమ్ముదామంటే లూమెన్ నన్ను అమ్ముతానంటోంది.

సాయంత్రం కాగానే కొట్టంలోకి వెళ్లిపోతాను. మొదట్లో నాలుగు సీసాలకే ఊగిపోయేది. ఇప్పుడు ఆరు దాకా పడుతున్నాయి. పెళ్లి నాటికి పన్నెండు పట్టించాలని నా పంతం. సీసాల కోసం దగ్గర్లోని బాగియో నగరంలో హోటళ్ల వెనక గోనెసంచి పట్టుకుని తిరుగుతున్నాను. తెలిసినవాళ్లు ఎదురైతే ఎందుకో మొహం తిప్పుకుంటున్నారు.

పెళ్లికొడుకు ఎవరో, వాళ్ల వాళ్లు ఎలాంటివాళ్లో రాయలేదేం?

నీ తమ్ముడు
దెల్ఫిన్

*

ఇలోయిలో,
1988 ఫిబ్రవరి 21, అనుకుంటాను.

దెల్ఫిన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే పొయ్యి మీద ఎముకల సూప్ మాడింది. ఇన్నేళ్లలో నా దుకాణంలో సూప్ మాడటం ఇదే మొదలు. దానికి కారణం నువ్వు.

లూమెన్ పైకి చదువుతుందేమోనని పేరుపెట్టి రాయడంలేదు. అర్థం చేసుకో. "ఆ పని" మానెయ్. ఈ వయసులో అదేం బుద్ధిరా? చేతులు వణుకుతాయి. కళ్లు పోతాయి. ఇల్లు గుల్లవుతుంది. ఆరు చాలదని పన్నెండా? పైగా పంతమా? పెన్షన్ తీసుకున్నాక మగవాళ్లకి పొద్దుపోదని తెలుసు. పొద్దుపోకపోతే కోళ్లను పెంచుకో. కొట్టంలో పంది పక్కన కూర్చుని ఆ పని చేసే మనిషిని మన వంశంలో ఎక్కడా చూడలేదు.

పెళ్లికొడుకు పేరు ఎల్మర్. మరివిక్ బళ్లోనే లెక్కలు చెబుతాడు. బుద్ధిమంతుడు, చెవులు కాస్త పెద్దవి. వాళ్ల నాన్న గిదియోన్ గారు ఇక్కడి బాప్టిస్టు చర్చికి పాస్టరు. మనం కతోలికులమైనా ఆయన చర్చిలోనే పెళ్లి జరగాలని ఒప్పుకున్నాను. మంచివాడే కానీ మహా పట్టింపు మనిషి. ఆయన మాట్లాడటానికి వస్తున్నారని తెలిసి దుకాణం గోడ మీద బీరు కంపెనీ క్యాలెండరు తీసి బియ్యం డబ్బా వెనక దాచాను. బొమ్మలో పిల్ల కట్టుకున్న బట్టలు నీకు తెలుసు. అప్పట్నుంచీ ఏ రోజు ఏ తారీఖో తెలియక చస్తున్నాను.

అలాంటి ఇంటికి పిల్లనిస్తున్నాం. గుర్తుపెట్టుకో. నువ్వు నడిచేటప్పుడు తిన్నగా నడవాలి.

మీ అక్క
పసీత

*

లా త్రినిదాద్,
మార్చి 9.

అక్కా,

ఆ పని సంగతి నీకు ఎవరు చెప్పారో కానీ, ఏ పనో తెలిసే రాశావని అర్థమైంది. పోనీలే. రహస్యం సగం పోయింది, మిగతా సగమైనా దాచు.

మానమంటే మాత్రం మానలేను. చేతులు వణుకుతాయన్నావు. మొదట్లో వణికిన మాట నిజమే. ఇప్పుడు అది పట్టుకున్నాకే వణుకు తగ్గింది. మొన్న వేలు తెగింది. రక్తం వస్తున్నా కట్టు కట్టుకుని మళ్లీ కూర్చున్నాను. పొద్దున కాఫీ కంటే ముందు వెళ్లి దాన్ని ఒకసారి నిమిరితే గాని నాకు తెల్లవారినట్టుండదు. లూమెన్ మొదట బాగా తిట్టింది. ఇప్పుడు రోజూ సాయంత్రం తనూ వచ్చి ఒక చెయ్యి వేస్తోంది. నాకంటే తనకే ఒడుపు తెలుసు. సెన్యోరాకి కూడా ఆ వాసన అలవాటైపోయి, నేను రాకపోతే గోల చేస్తోంది. ఇంట్లో ఇంత సఖ్యత ఎప్పుడూ లేదు అక్కా.

వియ్యంకుడు పాస్టరు గారని తెలిసి చాలా సంతోషం కలిగింది. ముందే చెప్పి ఉంటే మొదట్నుంచీ పెద్దగానే మొదలుపెట్టేవాణ్ణి కదా. అలాంటి ఇంటికి పన్నెండు ఏ మూలకి? ప్రభువు బల్లకి కావాలి, వచ్చేపోయే పెద్దలకి కావాలి. అందుకని ఇరవై నాలుగు దాకా వెళ్లాలని నిర్ణయించుకున్నాను. పెళ్లి విందులో పాస్టరు గారి కళ్లముందే ఇరవై నాలుగూ ఒక్కొక్కటే పట్టించి చూపిస్తాను. ఆయన మొహం ఎలా వెలుగుతుందో నువ్వే చూద్దువు.

కోళ్ల సంగతి చెప్పావు. లూమెన్ వద్దంది.

దెల్ఫిన్

తా.క.: నీకు సరదాగా ఉంటే నీకూ నేర్పిస్తాను. ఆడవాళ్లు చెయ్యకూడదని ఎక్కడా లేదు.

*

ఇలోయిలో,
మార్చి 27. ఈ తారీఖు పక్క కొట్టు వాళ్లని అడిగి వేశాను.

ఒరేయ్,

ఇక దాపరికం లేదు, పేరుపెట్టే రాస్తున్నాను. లూమెన్ చదివితే చదవనీ. తనూ ఒక చెయ్యి వేస్తోందన్నావుగా.

నువ్వు తాగుబోతువయ్యావు. ఉత్తరం చదివి నేను బల్ల మీద కూలబడ్డాను. ఇద్దరు గిరాకీలు నూడిల్స్ వదిలేసి నాకు గాలి విసిరారు. పాస్టరు గారి ఎదుట ఇరవై నాలుగు సీసాలు తాగి చూపిస్తావా? ఆయన మొహం వెలుగుతుందా? వాళ్లింట్లో ప్రభువు బల్లకి కూడా పులియని ద్రాక్షరసం కాచి వాడతారురా.

మన చిన్నాన్న కొడుకు తిమోయ్ గుర్తున్నాడు కదా, పదేళ్లు తాగి, మురుగు కాలువనే మంచంగా చేసుకున్నవాడు. పాస్టరు గారి పుణ్యాన పోయిన ఏడాది బాగుపడ్డాడు. నా బాధ ఆపుకోలేక వాడికి చెప్పాను. వాడు ఆదివారం నిండు చర్చిలో లేచి, "లా త్రినిదాద్‌లో పంది పక్కన పడి ఉన్న మా దెల్ఫిన్ అన్న కోసం" అని బిగ్గరగా ప్రార్థించాడు. పాస్టరు గారు ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మెల్లగా, "అమ్మా, తాగేవారి చెయ్యి పట్టుకుని పిల్ల మా చర్చి గుమ్మం దాటడం నాకు సమ్మతం కాదు" అన్నారు.

మరివిక్ అక్కడే ఉంది. గిన్నెలు కడుగుతోంది. చేతులు తుడుచుకుని వచ్చి, "మామయ్య రాకపోతే నేనూ ఆ గుమ్మం దాటనండి" అంది. అని మళ్లీ వెళ్లి గిన్నెలు కడుక్కుంది. తండ్రితో వచ్చిన ఎల్మర్ చెవులు ఎర్రగా అయిపోయాయి. ఇదీ ఇక్కడి పరిస్థితి.

తిమోయ్‌ని నీ దగ్గరికి పంపుతున్నాను. ఓడ ఎక్కాడు. నిన్ను బాగుచేసేదాకా తిరిగిరానని ప్రమాణం చేశాడు. చలి ప్రదేశమని నా పాత స్వెటరు ఇచ్చాను. పూలున్నాయని ఎగతాళి చెయ్యకు.

పసీత

*

లా త్రినిదాద్,
ఏప్రిల్ 12.

అక్కా, అక్కా,

నీ ఉత్తరమూ తిమోయ్ ఒకే రోజు దిగారు. స్వెటరు వాడికి బాగుంది.

ముందు నవ్వాను. తరవాత మరివిక్ గిన్నెలు కడగడం గురించి రాసినచోట ఇక నవ్వలేకపోయాను. అందుకని రహస్యం విప్పేస్తున్నాను. నేను చేస్తున్నది వడ్రంగం. చేస్తున్న వస్తువు వైన్ సీసాలు పడుకోబెట్టే చెక్క గూడు. బాగియోలో ఒక పెద్ద హోటలు భోజనాల గదిలో చూసి మనసు పారేసుకున్నాను. పైన్ చెక్క బద్దలకి సగం లోతు గాళ్లు, అంటే సన్నటి గంట్లు, కోసి, రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు ఒకదాంట్లో ఒకటి దింపితే వలలా వస్తుంది. కన్నానికో సీసా. మెడ బయటికి, కాస్త కిందికి వాల్చి పడుకోబెడితే బిరడా తడిగా ఉంటుంది. ఎన్ని సీసాలు పడుతున్నాయంటే ఆ గూట్లో, నా కడుపులో కాదు. ఊగిపోయింది కూడా అదే. ఖాళీ సీసాలు కొలతల కోసం.

ఇక మొన్నటి ఘోరం విను. ఇరవై నాలుగు కన్నాల గూడు పూర్తయింది. బిగింపు సాధనాలు లేక బస్సు పాత ట్యూబులు పట్టీలుగా కోసి చుట్టి, జిగురు ఆరబెట్టాను. అందంగా నిలబడింది. ఖాళీ సీసాలతో బరువు తెలియదని లూమెన్ తను అమ్మకానికి చేసిన స్ట్రాబెర్రీ వైన్ సీసాలు ఇచ్చింది. తిమోయ్ కళ్లు మూసుకుని గోడవైపు తిరిగి కీర్తన పాడుతున్నాడు. నేను ఒక్కొక్క సీసానే పెడుతూ వచ్చాను. చివరి సీసా పెట్టగానే గూడు నిట్టూర్చింది. నిజంగా, అలాంటి శబ్దమే. మెల్లగా ఎడమపక్కకి ఒరిగి, మడత మంచం మూసినట్టు మొత్తం నేలకి పడుకుంది. వెనక ఏటవాలు బద్ద ఒకటి కొట్టాలని నాకు తట్టలేదు. "వెనక ఏదైనా అడ్డం పెట్టవా?" అని లూమెన్ వారం నుంచీ అడుగుతూనే ఉంది.

సీసాలు చాలావరకు పగిలాయి. కొట్టమంతా ఎర్ర ఏరు. సెన్యోరా అడ్డగోడ తోసుకుని వచ్చి, ఎవరు అరిచినా వినకుండా చివరి చుక్క దాకా నాకింది. అటూ ఇటూ నాలుగడుగులు వేసి, తలుపుకి అడ్డంగా పడి గురక పెట్టింది. తలుపు లోపలికి తెరుచుకునేది. అంటే మేం ముగ్గురం లోపలే. నేను విరిగిన బద్దలు ఒళ్లో పెట్టుకుని సెన్యోరా పక్కన కూర్చుని కాస్త ఏడ్చాను, సిగ్గెందుకు. తిమోయ్ కిటికీలోంచి దూరి బయటపడ్డాడు. సాయం తెస్తాడనుకున్నాం. ఊళ్లోకి వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఎందుకెళ్లావురా అంటే "చెయ్యాల్సింది చేశాను" అంటాడు.

ఇప్పుడు చెప్పు. ద్రాక్షరసం కాచుకునే ఇంటికి వైన్ గూడు ఇవ్వచ్చా? నేను నడవచ్చా?

దెల్ఫిన్

*

ఇలోయిలో,
ఏప్రిల్ 13.

నా తమ్ముడు దెల్ఫిన్‌కి,

తిమోయ్ టెలిగ్రాం అందింది. నన్ను క్షమించు. నీ ఉత్తరం కోసం ఆగకుండా రాస్తున్నాను. వాడు పంపిన మాటలు ఇవి: "సీసాలన్నీ ఖాళీ. తాగి కొట్టంలో పడిపోయింది. లేపినా లేవడంలేదు. అన్న పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. ప్రార్థించండి."

పడిపోయింది. ఆ ఒక్క మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. లూమెన్ అన్నమాట. ఇన్నాళ్లూ పెళ్లాం పరువు కాపాడటానికి తప్పు నీ నెత్తిన వేసుకున్నావు. "నాకంటే తనకే ఒడుపు తెలుసు" అని నువ్వు రాసినప్పుడే గ్రహించాల్సింది. అమాయకురాల్ని, గ్రహించలేదు.

దాన్ని తిట్టకు, దెల్ఫిన్. చలి ప్రదేశం, పిల్లలు లేరు, పొద్దంతా స్ట్రాబెర్రీల మధ్య బతుకు. మనిషి ఎంతకని తట్టుకుంటుంది? పడుకున్నప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టు. లేచాక నిమ్మకాయ నీళ్లు ఇవ్వు. బరువు మనిషి కదా, ఒక్కడివే ఎత్తబోకు, నడుము పడుతుంది.

వెంటనే పాస్టరు గారికి టెలిగ్రాం చూపించాను. ఆయన దాన్ని మడిచి నా చేతికిచ్చి, "అలాంటి భర్త చెయ్యి పట్టుకుని ఏ పిల్లైనా గర్వంగా నడవచ్చు" అన్నారు. అంటే నువ్వు నడుస్తున్నావు. మరివిక్ ఎగిరి గంతేసింది. లూమెన్‌ని కూడా తీసుకురా. భయం లేదు. చర్చి ఆడవాళ్లు చివరి బెంచీలో దానికి రెండు వైపులా కూర్చుంటామని మాటిచ్చారు. ముందు వరస వాళ్లు కూడా వెనక్కి చూడరట.

ఎంతో ప్రేమతో,
మీ పసీత అక్క

*

లా త్రినిదాద్,
ఏప్రిల్ 26.

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను బద్దలు చిత్రిక పడుతున్నాను. ఎప్పటిలాగే లూమెన్ చదివి వినిపించింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్క అక్షరం వదలకుండా చదివింది. "బరువు మనిషి" అన్నచోట రెండుసార్లు చదివింది. ఇప్పుడు కలం లాక్కుంటోంది, అందుకని ఇస్తున్నాను.

*పసీతా వదినా, నమస్కారం. పడిపోయింది పంది. నేను ఆ సాయంత్రమంతా మూసుకుపోయిన కొట్టంలో కూర్చుని మీ తమ్ముణ్ణి, మీ తిమోయ్‌ని, మా పందిని భరించాను. ఒక్క చుక్క కూడా తాగలేదు. తాగి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది. నా వైన్ అంతా నేలపాలైంది, ఆ సంగతి ఎవరూ అడగలేదు. పెళ్లికి వస్తున్నాను. మొదటి బెంచీలో కూర్చుంటాను. ఎవరికైనా అనుమానం ఉంటే దగ్గరికొచ్చి వాసన చూసుకోవచ్చు. మరివిక్‌కి నా ముద్దులు. మీకు కూడా, కాకపోతే పెళ్లయ్యాక. లూమెన్.*

కలం మళ్లీ నా చేతికొచ్చింది. నా పన్నెండో తారీఖు ఉత్తరం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. లూమెన్ కోపం నిజానికి నీ మీద కాదు, తిమోయ్ మీద. "పంది అన్న మాట రాయడానికి చెయ్యి రాలేదా?" అని అడిగితే, "టెలిగ్రాంలో మాటకింత అని తీసుకుంటారు వదినా, పొదుపు చేశాను" అన్నాడు. మూడు రోజులు వాడికి అన్నంలోకి ఉప్పు చేప తప్ప ఏమీ వెయ్యలేదు.

విరిగింది పారెయ్యలేదు. కొత్త బద్దలు కోసి, గాళ్లు బిగుతుగా వచ్చేలా ఉలితో కొంచెం కొంచెంగా తీశాను. వెనక ఏటవాలు బద్దలు రెండు కొట్టాను. ఈసారి లూమెనే గుర్తుపెట్టి చూపించింది, నేను కొట్టాను. దాని మీద నిలబడి చూశాను. తరవాత ఇద్దరం నిలబడి చూశాం. తిమోయ్‌ని కూడా ఎక్కమన్నాం, వాడు ప్రార్థన చేసి ఎక్కాడు. కదల్లేదు.

దీన్ని ఇవ్వచ్చో లేదో నువ్వింకా చెప్పలేదు. నేను చేసింది ఇదొక్కటే అక్కా. వేరే బహుమానం లేదు. తిమోయ్ చేత ముందే ఓడలో పంపుతున్నాను. గుడ్డ చుట్టి ఉంచు. ఎవరైనా అడిగితే గూడు అను, ఏ గూడో అనకు. అది అబద్ధం కాదు.

దెల్ఫిన్

*

ఇలోయిలో,
జూన్ 5. పెళ్లయింది కనుక క్యాలెండరు మళ్లీ గోడకెక్కింది.

దెల్ఫిన్‌కి, లూమెన్‌కి,

క్షేమంగా చేరారనుకుంటాను. సెన్యోరా ఈనుతుందని పెళ్లి విందు సగంలో లేచి ఓడకి పరిగెత్తిన మేనమామని ఈ ఊరు ఇంతవరకు చూడలేదు. ఎన్ని పిల్లలో రాయండి.

మీరు చూడనివి రెండున్నాయి. అవి చెప్పాలి.

మొదటిది పెళ్లికి ముందు సంగతి. నీ పన్నెండో తారీఖు ఉత్తరం, లూమెన్ రాసింది, రెండూ పట్టుకుని పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు కూడా ఎక్కడో ఉందట, అందుకని నేనే చదివాను. గూడు నిట్టూర్చింది అన్నచోట ఆయన రుమాలు తీశారు. పంది తలుపుకి అడ్డం పడుకున్నచోట మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. తిమోయ్ కిటికీలోంచి దూరినచోట, అయ్యో, ఏడిపించానే అని చదవడం ఆపేశాను. ఆయన రుమాలు లోపల్నుంచి, "చదవండమ్మా, చదవండి, ఆ కిటికీలోంచి దూరాడే, అక్కడ్నుంచి" అన్నారు. చర్చి గుమ్మం దగ్గర నీ చెయ్యి పట్టుకుని అంతసేపు వదలకపోవడానికి కారణం అదే. నిన్ను చూస్తే మళ్లీ నవ్వొస్తుందని పిడికిలి బిగించారట. నువ్వేమో ఆయన కోపంగా ఉన్నాడని బిక్కమొహం వేశావు. అయినా తిన్నగానే నడిచావురా. మరివిక్ నీ కంటే వేగంగా నడుస్తోంది, నువ్వే ఆపుతున్నావు. బావ ఉంటే ఆయనా అలాగే ఆపేవాడు. నేను చూశాను.

రెండోది మీరు వెళ్లాక. వాళ్లింట్లో బహుమానాలు విప్పారు. నీ గూడు మీది గుడ్డ తియ్యగానే అందరూ చుట్టూ మూగారు. అది ఏమిటో ఒక్కరికీ తెలియదు. నేను నోరెత్తలేదు. చెప్పులు ఆరబెట్టేదని ఒకరు. గొడుగులకని ఒకరు. పావురాలకని ఎల్మర్. ఇంతలో పాస్టరు గారి తల్లి, తొంభై దాటిన ముసలామె, కుర్చీలోంచి కర్ర చూపించి, "వైన్ సీసాలు పెట్టుకునేది రా అది. మా అయ్య పనిచేసిన దొరగారి ఇంట్లో ఉండేది. నేనే తుడిచేదాన్ని. దొంగతనంగా ఒకసారి..." అని ఆగింది.

పాస్టరు గారు మోకాళ్ల మీద కూర్చున్నారు. ప్రార్థనకేమో అని ఇద్దరు కళ్లు మూసుకున్నారు కూడా. ఆయన బద్దల మధ్య వేలు పెట్టి తడిమి, "ఈ వైపు ఒక్క మేకు కనపడదే. ఇవి ఒకదాంట్లో ఒకటి ఎలా దింపాడు?" అన్నారు. మరివిక్ తన సామాన్లోంచి బడి భూగోళ పటాలు తెచ్చి, ఒక్కొక్కటే చుట్టి, ఖండానికో కన్నం చొప్పున పెట్టుకుంది. అమెరికా లావుగా ఉండి పట్టలేదట, విడదీసి రెండుగా పెట్టింది.

ఇప్పుడు వచ్చింది చిక్కు. పాస్టరు గారికి ఆగస్టులో బాగియోలో సభలున్నాయి. అవి అయ్యాక వారం రోజులు మీ కొట్టంలో వడ్రంగం నేర్చుకుంటానంటున్నారు. కాదనలేకపోయాను. లూమెన్, ఇంట్లో ఉన్న వైన్ జాడీలన్నీ దాచెయ్యమ్మా. బరువు మాట మనసులో పెట్టుకోకు.

పసీత

*

లా త్రినిదాద్,
ఆగస్టు 30.

అక్కా,

తొమ్మిది పిల్లలు. అన్నీ బాగున్నాయి.

పాస్టరు గారు వచ్చి వెళ్లారు. ఆయన రాకముందు లూమెన్‌కీ నాకూ పెద్ద గొడవైంది. జాడీలు దాచుదామన్నాను. "నా ఇంట్లో నా జాడీలు నేనెందుకు దాచాలి? ఆయన వస్తే తన బైబిలు దాచుకుంటాడా?" అంది. దాచలేదు. ఆయన వాటి పక్క నుంచే రోజూ నడిచారు, ఒక్కసారీ అడగలేదు.

మనిషి బంగారం. వడ్రంగం మాత్రం నా కంటే ఘోరం. పీట ఒకటి చేస్తానని మొదలుపెట్టి, కుంటుతోందని ఒక కాలు కోశారు. అప్పుడు ఇంకో కాలు పొడవైంది. అదీ కోశారు. వారం చివరికి ఆ పీట పళ్లెమంత ఎత్తుకి దిగింది. పందిపిల్లలు దాని మీద ఎక్కి నిలబడుతున్నాయి. ఆయనకేమీ బాధ లేదు. "దెల్ఫిన్ గారూ, నలభై ఏళ్లుగా మనుషుల్ని సరిచేస్తున్నాను. చెక్క అయితే తప్పు ఎక్కడుందో చూపిస్తుంది, వాదించదు" అన్నారు. అంత సుఖంగా ఎవరూ ఏ పనీ చెడగొట్టడం నేను చూడలేదు.

ఇక అసలు సంగతి. ఇది నీకూ నాకూ మధ్యనే ఉండాలి. మరివిక్‌కి కూడా చెప్పకు.

చివరి రోజు సాయంత్రం పక్కింటి కిదాయ్ ఒక కుండ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది. పొలం పనులు అయిపోయాయని ఇంటింటికీ ఇస్తోంది. వాళ్లు బియ్యం వండి పులియబెట్టి చేస్తారు, పాలలా తెల్లగా, తియ్యగా ఉంటుంది. పాస్టరు గారు అప్పుడే రంపం పక్కన పెట్టి, చెమటలు కక్కుతూ వచ్చారు. మేం నోరు తెరిచేలోపు గ్లాసు నిండా పోసుకుని గటగట తాగేశారు. ఇంకో గ్లాసు పోసుకున్నారు. లూమెన్ నా కాలు తొక్కింది. నేను తన కాలు తొక్కాను. రెండోది సగం అయ్యాక ఆయన ఆగి, గ్లాసులోకి చూసి, "బాగుంది. ఇది ఏమిటి దెల్ఫిన్ గారూ?" అన్నారు.

పాస్టరు గారికి అబద్ధం ఎలా చెప్పను అక్కా? నిజమూ నోటికి రాలేదు. "ఒకప్పుడు అన్నమేనండి" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. లూమెన్ వైపు చూశారు. బయట పిల్లలకి పాలిస్తున్న సెన్యోరా వైపు చాలాసేపు చూశారు.

"పెట్టిన అన్నం వదిలెయ్యకూడదు కదమ్మా" అని లూమెన్‌తో అని, మిగతా సగం నెమ్మదిగా, కళ్లు మూసుకుని తాగారు. తరవాత గ్లాసు తనే కడిగి, తుడిచి, బోర్లించారు. మూడోది అడగలేదు. ఆ రాత్రి భోజనం ముందు ఆయన చేసిన ప్రార్థన మాత్రం ఎప్పటికంటే చాలా పొడుగు. కిదాయ్‌కి, ఆమె పొలానికి, వానకి, పందులకి, వరసపెట్టి అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. కూర చల్లారిపోయింది.

ఆయన క్రిస్మస్ సెలవులకి మళ్లీ వస్తానన్నారు. కుర్చీ చేస్తారట. నువ్వూ రా అక్కా, లూమెన్ రమ్మంటోంది. ఆ కుర్చీలో మాత్రం కూర్చోకు.

దెల్ఫిన్